మూడు ఊళ్లు – ఒక ముద్ద

యాత్రకు బయలుదేరిన మనిషికి తోడుగా వచ్చేవి రెండు: ఒకటి కన్ను, రెండవది నాలుక. కన్ను కొత్త ఊరిని దూరం నుంచి పలకరిస్తుంది. నాలుక ఆ ఊరి వంటింటిదాకా వెళ్లి వస్తుంది. కోటలూ, కోవెలలూ, కొండలూ చూసి వచ్చినవాడు ఆ ఊరిని చూశానని చెప్పుకోవచ్చు. ఆ ఊరివారు నిత్యం తినే తిండిని వారి సరసన కూర్చుండి తిన్నవాడు మాత్రమే ఆ ఊరికి అతిథినయ్యానని చెప్పుకోగలడు.

మన పూర్వకవులకు ఈ సంగతి బాగా తెలుసు. పదహారవ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన బాటసారులకు ఋతువును అనుసరించి భోజనం పెడతాడు. వానకాలానికి తగినది ఒకటి, వేసవికి చలువచేసేది మరొకటి, చలికాలానికి వేడి పుట్టించేది ఇంకొకటి. రాజ్యాలను ఏలిన కవి ఒక పేద భక్తుని వంటింటిని అంత ఆదరంతో వర్ణించడం విశేషం. దీనికి భిన్నంగా, శ్రీనాథునివిగా ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద ఎత్తిపొడుపులు వినిపిస్తాయి. సన్నన్నానికి అలవాటుపడిన కవిసార్వభౌమునికి జొన్నకూడు గొంతు దిగలేదు. ఆతిథ్యమిచ్చేవాని ఔదార్యమూ, అలవాటులేని తిండిపట్ల యాత్రికుని చిన్నచూపూ మన సాహిత్యంలో పక్కపక్కనే ఉన్నాయి.

అయితే వీటికంటె లోతైన చిన్నచూపు మరొకటి ఉంది. అది పరాయివాని తిండిపట్ల కలిగేది కాదు. తన ఇంటి తిండిపట్ల తనకే కలిగేది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఒక తండ్రీ కొడుకూ చేసిన ఒక్కనాటి ప్రయాణంలో ఈ చిన్నచూపు ఎక్కడ తలెత్తిందో, ఎక్కడ తలదించిందో చూడవచ్చు.

ఆ తండ్రి మదనపల్లె చుట్టుపక్కల పల్లెలో టమోటా పండించే రైతు. కొడుకు ఇంటర్మీడియట్ పూర్తిచేసి, కుప్పంలోని ఒక కళాశాలలో సీటు సంపాదించుకున్నాడు. చేరవలసిన రోజుకు ముందురోజు పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. తల్లి తెల్లవారుజామునే లేచి నూక ఉడికించి, రాగిపిండి పోసి, తెడ్డుతో గెలికి, చేయి తడిచేసుకొని సంగటి ముద్దలు చేసింది. మూడు గిన్నెల క్యారియరులో అడుగున సంగటి, మధ్యలో చెనిక్కాయల ఊరిబిండి, పైన నాలుగు ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు సర్దింది. మజ్జిగను వేరే సీసాలో పోసి ఇచ్చింది. “దారిలో హోటళ్ల వెంట తిరగొద్దండి, ఇది ఇద్దరికీ సరిపోతాది” అని చెప్పి సాగనంపింది.

ముందుగా వారు మదనపల్లె టమోటా మార్కెట్టుకు వెళ్లారు. ఆసియాలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటిగా పేరుపొందిన ఆ స్థలంలో క్రేట్ల వరుసలు ఎర్రని గోడల్లాగా నిలబడి ఉంటాయి. ఇక్కడి సరుకు లారీల మీద ఎన్నో రాష్ట్రాలకు తరలిపోతుంది. కొత్తగా చూసేవారికి అది కనులపండువ. రైతుకు మాత్రం అది ప్రతిదినమూ ఫలితాలు వెలువడే పరీక్ష. 2023 జూలైలో కిలో ధర నూరు రూపాయలను మించిపోయి దేశమంతటా చర్చకు వచ్చింది. కోతకూలి సైతం రాక పండిన పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులను కూడా ఇదే నేల చూసింది. ఏ నగరంలోనో చారులో తేలే టమోటా ముక్క వెనుక ఇంతటి ఆశానిరాశల చరిత్ర ఉన్నదని తినేవారికి తట్టదు. ఆనాడు ధర ఫర్వాలేదనిపించింది. తండ్రి డబ్బు లెక్కపెట్టుకొని లోపలి జేబులో దాచుకున్నాడు. అది కొడుకు కళాశాలకు కట్టవలసిన రుసుము.

బస్టాండుకు పోయే దారిలో బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ఎదురయింది. తండ్రి ఒక్కక్షణం ఆగాడు.

“అబ్బోడా, ముప్పై ఏండ్లుగా ఈ బడి ముందర నుంచే టమోటాలు తోలుకొని పోతా ఉండా. దేశగీతం ఈడే పుట్టిందంటారు. నిజమేనా?”

కొడుకు పాఠాల్లో చదువుకున్నది చెప్పాడు. గీతం ఇక్కడ పుట్టలేదు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో దాన్ని మొదటిసారి పాడారు. అయితే అనీబిసెంటు 1915లో స్థాపించిన ఈ కళాశాలకు 1919 ఫిబ్రవరి చివరివారంలో రవీంద్రనాథ ఠాగూరు వచ్చారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశపు కవి. ఆయన ఆతిథ్యంలో ఉన్న రోజుల్లో ఠాగూరు ‘జనగణమన’ ఆలపించి, దానిని భారత ప్రభాతగీతం అన్న అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలోకి అనువదించారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ దాని రాగానికి స్వరలిపి కూర్చారు. 1950 జనవరి 24న ఆ గీతం జాతీయగీతమయింది.

“ఇంత కత ఉండాదా! మనం రోజూ చూస్తానే ఉన్న్యాం, ఒక్కనాడైనా లోపలికి పోయి చూడలా” అన్నాడు తండ్రి.

ఆ మాటలో నిజముంది. ఠాగూరు 1916లోనే జపాను దేశాన్ని చూసివచ్చినవాడు. ఆ యాత్రానుభవాలు ‘జపాన్ యాత్రి’ పేరుతో 1919లో గ్రంథరూపం ధరించాయి. ఆయనకు ఆతిథ్యమిచ్చిన కజిన్స్ కూడా అదే సంవత్సరం జపానుకు వెళ్లి, తోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల కవిత్వం బోధించారు. లోకం తిరిగిన ఆ ఇద్దరికీ మదనపల్లె చూడదగిన ఊరిగా కనిపించింది. మదనపల్లెలో పుట్టి పెరిగినవారికి మాత్రం అది టమోటాలు తోలే దారిగానే మిగిలిపోతుంది. దూరపు కొండలు నునుపు అన్న సామెతకు మరో ముఖం ఇది: దగ్గరి కొండలు కంటికి ఆనవు. ఊరికి సమీపంలో నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తున నిలిచిన కొండను కడప కలెక్టరు హార్స్‌లీ పేరుతో లోకమంతా పిలుస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆయన అక్కడ వేసవి విడిది కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. చల్లగాలికోసం పరాయివాడు వెదుక్కుంటూ వచ్చాకనే ఆ కొండ అందరి కంటా పడింది.

బస్సు పుంగనూరు దారి పట్టింది. కిటికీ పక్కన కూర్చున్న కొడుకు కళ్లు ఫోను మీద ఉన్నాయి. అందులో ఎవరో యాత్రికుడు జపాను నగరాల్లో తిరుగుతున్నాడు. ఒసాకాలోని దోతోన్‌బొరి కాలువ ఒడ్డున రంగురంగుల దీపాలు, ఇనుప పెనం మీద పొగలు కక్కుతున్న వంటకాలు, రైలుస్టేషన్లలో ప్రాంతానికొక రకంగా అందంగా సర్ది అమ్మే భోజనపు పెట్టెలు కనిపిస్తున్నాయి. ఒక కొండప్రాంతపు పట్టణంలో జనం వరుసకట్టి నిలబడి ‘సోబా’ అనే నల్లని పిండిసేవల గిన్నెలు అందుకుంటున్నారు. కొడుకు మురిసిపోతూ తండ్రికి చూపించాడు. తండ్రి చాలాసేపు చూసి, “అవి ఏం పిండితో చేస్తారురా? నల్లగా మన రాగిపిండి మాదిరుండాదే” అని మాత్రం అన్నాడు. కొడుకు నవ్వి ఊరుకున్నాడు.

పుంగనూరు చేరేసరికి మిట్టమధ్యాహ్నమయింది. బస్టాండులో ఒక చెట్టునీడ చూసుకొని తండ్రి అరుగు మీద తువ్వాలు పరిచాడు. క్యారియరు మూత తీయబోతుంటే కొడుకు చటుక్కున చేయి పట్టుకున్నాడు.

“ఇక్కడ వద్దు నాయనా. అందరూ చూస్తా ఉండారు.”

“చూస్తే ఏమిరా? దొంగతనం చేసి తెచ్చిందా?”

“అది కాదు. ఆ నల్ల ముద్దలు బయటికి తీస్తే పల్లెటూరోళ్లు అనుకుంటారు. హోటల్లో నూడిల్సు తిందాం పా.”

తండ్రి మరి మాట్లాడలేదు. మూత బిగించి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. హోటలులో కొడుకు ఇష్టంగా తిన్నాడు. తండ్రి రెండు చెంచాలు తిని, ఆకలిగా లేదన్నాడు. తెల్లవారుజామునే లేచి, మార్కెట్టులో క్రేట్లు మోసి, నిలువుకాళ్ల మీద వేలంపాట చూసిన మనిషికి ఆ వేళప్పుడు ఆకలి లేకపోవడమేమిటని కొడుకుకు తోచలేదు. తోచినా, తోచనట్లే ఉన్నాడు.

తరువాతి బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. గుడి వీధిలో కొందరు గుమికూడి ఉంటే ఇద్దరూ అటు నడిచారు. బెంగుళూరు నుంచి కారులో వచ్చిన ఒక కుటుంబం రెండు పుంగనూరు ఆవుల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటోంది. నిలబడితే మనిషి నడుము దాటని జాతి అది. డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్ల ఎత్తు, వెడల్పాటి నుదురు, పొట్టి కొమ్ములు, నేలను తాకే తోక దాని లక్షణాలు. పాలు ఇచ్చేది కొద్దిపాటి అయినా వాటిలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందని చెబుతారు. మామూలు ఆవుపాలలో అందులో సగమే ఉంటుంది. వానలు అంతంతమాత్రమైన ఈ సీమలో గుప్పెడు గడ్డితో బతికి, చిన్న కమతపు రైతుకు చేదోడుగా నిలిచిన పశువు అది.

“మా నాయన కాలంలో మన కొట్టంలో ఇట్లాంటివి మూడుండేవి” అన్నాడు తండ్రి. “సీమావులొచ్చినాక, బిందెల కొద్దీ పాలిస్తాయని అందరూ వాటినే కట్టుకున్న్యారు. మేమూ అంతే. ఆఖరుదాన్ని సంతలో అమ్మేస్తిమి. ఇప్పుడు దాని దూడ ధర చెబితే నాకు కండ్లు తిరగతాయి.”

విదేశీ జాతులతో సంకరం చేసే ఉత్సాహంలో పుంగనూరు జాతి దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడడానికి పూనుకున్నది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తమ నివాసంలో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న చిత్రాలు దేశమంతటా ప్రచారమయ్యాయి. అప్పటినుంచి నగరాల్లోని సంపన్నులు ముచ్చటపడి వీటిని పెంచుకోవడం మరింత ఎక్కువయింది. పేదరైతు పశువుగా పుట్టినది నేడు పేదరైతు కొనలేని పశువయింది. దాన్ని వదులుకున్ననాడు రైతు మోసపోయాడని అనలేము. పాల లెక్క చూసుకొనే వదులుకున్నాడు. కాని ఆ లెక్కలో చేరని విలువలు కొన్ని ఉన్నాయని ఆనాడు చెప్పినవారు లేరు.

“ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాని విలువ తెలీలేదురా” అంటూ తండ్రి ఆవు గంగడోలు నిమిరాడు. ఆయన రెండవ చేతిలో క్యారియరు వేలాడుతూనే ఉంది. కొడుకు చూపు దాని మీద పడి, పక్కకు తప్పుకుంది.

పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా బస్సు కుప్పానికి సాగింది. దారిపొడుగునా గుండ్రాళ్ల గుట్టలు, చింతచెట్లు, మల్బరీ తోటలు, అక్కడక్కడ రాగిచేలు కనిపించాయి. కౌండిన్య అభయారణ్యం దాపున ఏనుగులు తిరిగే ప్రదేశమని హెచ్చరించే బోర్డులు ఉన్నాయి. రానురాను దుకాణాల పేరుపలకల మీద లిపులు మారసాగాయి. తెలుగు పక్కన ఒకచోట తమిళం, మరొకచోట కన్నడం అగుపించాయి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. 1864లోనే మద్రాసు నుంచి బెంగుళూరు వైపు సాగిన రైలుమార్గం ఈ ఊరిమీదుగా పోతుంది. ద్రావిడ భాషలను ఒకదాని వెలుగులో మరొకటి అధ్యయనం చేయడానికి 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ నెలకొన్నది. మూడు భాషలు వీధిలో కలిసి తిరిగే ఊరికి అది తగిన విద్యాపీఠం.

సాయంకాలం దీపాలు పెట్టేవేళ ఇద్దరూ రైలుస్టేషను దాపున ఉన్న ఒక చిన్న మెస్సులో కూర్చున్నారు. నాలుగు బల్లలు, గోడమీద ఒక దేవుని పటం, వంటగది గుమ్మంలో నిలబడి అందరినీ వరసలు పెట్టి పలకరించే ఒక నడివయసు స్త్రీ. అంతే ఆ హోటలు. వీరి బల్లకే ఎదురుగా తమిళనాడులోని తిరుపత్తూరు వైపు నుంచి రైలు దిగిన ఒక వృద్ధుడూ, కోలారు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరూ కూర్చున్నారు.

“అమ్మా, కళి ఉందా?” అని వృద్ధుడు అడిగాడు.

“నాకూ ముద్దెనే అక్కా, సొప్పుసారు ఉంటే అదీ వెయ్యి” అన్నాడు డ్రైవరు.

“అయ్యో, సంగటి మధ్యాహ్నమే అయిపాయనే! అన్నముండాది, చపాతీలుండాయి” అన్నది ఆమె.

ఇద్దరి ముఖాలూ చిన్నబోయాయి. వృద్ధుడు డ్రైవరు వైపు తిరిగి, పొద్దంతా ప్రయాణం చేసి, ఇక్కడ మంచి కళి దొరుకుతుందనే ఆశతో వచ్చానని వచ్చీరాని తెలుగులో చెప్పుకున్నాడు. కొడుకు ఆశ్చర్యపోయాడు. కళి, ముద్దె, సంగటి – మూడు పేర్లూ ఒకే పదార్థానివని అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం బస్టాండులో నలుగురి కంటా పడకూడదని తాను దాచిన నల్ల ముద్దకోసం ఇద్దరు పెద్దమనుషులు ఇంతగా తపించిపోతున్నారు.

అతడు కొంతసేపు బల్లవైపు చూస్తూ కూర్చున్నాడు. తరువాత మెల్లగా, “నాయనా, మన క్యారియరు తీద్దామా?” అన్నాడు.

ఇప్పుడు సంకోచించడం తండ్రి వంతయింది. “పొద్దుటిది కదరా, చల్లారిపోయింటాది. పరాయివాళ్లకు చల్లకూడు పెడితే బాగుంటాదా?”

ఆ మాట వృద్ధుని చెవిని పడింది. “చల్లారితే ఏమయ్యా? మోరు పోసుకుంటే ఇంకా బాగుంటుంది!” అన్నాడు.

“మా ఊళ్లో మజ్జిగెలో పిసికి అంబలి చేసుకుంటాం” అని డ్రైవరు అందుకున్నాడు.

“మేమూ అంబలే అంటాము” అన్నాడు తండ్రి, మొదటిసారి నవ్వుతూ.

కొడుకే క్యారియరు విప్పాడు. మెస్సు యజమానురాలు నాలుగు ఆకులు వేసి, తన వంతుగా ఆకుకూరపప్పు వేడిగా వడ్డించింది. బయటి తిండి తెచ్చారని విసుక్కోలేదు. ఊరిబిండి వేలితో నాలుకకు రాసుకొని, “మీ ఆమె చేసిందా అన్నా? చెనిక్కాయలు బాగా వేగినాయి” అని మెచ్చుకున్నది. “చలికాలంలో రాండి, అనపగింజల పితికిపప్పు చేసి పెడతాను. సంగటికి దాన్ని మించిన జత లేదు” అని ఊరించింది. తల్లి ఇద్దరికోసం కట్టిన సంగటిని నలుగురు పంచుకున్నారు. మధ్యాహ్నం ఆకలి లేదన్న తండ్రి చివరి మెతుకుదాకా తిన్నాడు. కొడుకు అది చూశాడు. చూసి తలవంచుకున్నాడు.

కుప్పం మెస్సులో ఆ సాయంత్రం మూడు భాషలు ఒకే బల్ల మీద కలుసుకున్నాయి. తెలుగులో కూడు అన్న మాటా, తమిళులు అంబలికి వాడే కూళ్ అన్న మాటా ఒకే మూలం నుంచి వచ్చినవని భాషావేత్తలు చెబుతారు. శ్రీనాథుని చాటువుల్లో ఎగతాళికి గురైన ఆ కూడు ఎంత ప్రాచీనమైన బంధుత్వాన్ని మోస్తున్నదో! కన్నడ దేశంలో పదహారవ శతాబ్దపు కవి కనకదాసు ‘రామధాన్య చరిత్రె’ అని ఒక కావ్యమే రాశాడు. అందులో వరికీ రాగికీ ఎవరు గొప్ప అని వాదం వస్తుంది. రాముడు రెంటినీ ఆరు నెలలపాటు చెరలో ఉంచుతాడు. గడువు తీరేసరికి వరి చెడిపోతుంది, రాగి చెక్కుచెదరకుండా నిలుస్తుంది. తీర్పు రాగికి అనుకూలంగా వస్తుంది. పేదవాని తిండికి కవి కట్టిన పట్టం అది. కవితతో పాటు అందులో అనుభవమూ ఉంది. రాగులు ఏళ్లతరబడి పురుగు పట్టకుండా నిలువ ఉంటాయి. వరిబియ్యంలో ఉన్నదానికి ఎన్నోరెట్లు సున్నం, అంటే కాల్షియం, వాటిలో ఉంటుంది. కరువు తరచుగా పలకరించే సీమలో ప్రాణాలు నిలిపినవి ఇవే. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు లోకానికి కొత్తగా తెలిసింది రాయలసీమ తల్లులకు పాత సంగతే.

అయితే, సంగటి మనదని గర్వించేముందు మరొక నిజం కూడా తెలుసుకోవాలి. రాగి ఈ నేలమీద పుట్టిన పంట కాదు. తూర్పు ఆఫ్రికాలోని ఎత్తుప్రాంతాల్లో పుట్టి, వేల ఏండ్ల క్రితం సముద్రాలు దాటి వచ్చిన బాటసారి అది. ఊరిబిండిలోని చెనిక్కాయ, పచ్చిమిరపకాయ, మదనపల్లెకు పేరు తెచ్చిన టమోటా, ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చి కొన్ని శతాబ్దాలే అయింది. ఆ క్యారియరులో సర్దినవాటిలో ఎక్కువ భాగం ఒకనాడు పరదేశి సరుకే. మరి అవి మనవి ఎట్లా అయ్యాయి? ఈ మట్టి వాటిని మోసింది, ఈ రైతు వాటికి చెమట ధారపోశాడు, ఈ తల్లులు వాటికి రుచి నేర్పారు. అందువల్ల మనవయ్యాయి.

జపానీయుల కథ కూడా ఇంతే. వారు లోకానికి గర్వంగా వడ్డించే ‘తెంపురా’ పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట వచ్చిన వంట. బ్రిటిషు ప్రభుత్వం కంటపడకుండా 1915లో జపాను చేరిన మన విప్లవవీరుడు రాస్‌బిహారీ బోసు, తన అత్తవారి నకమురాయా దుకాణంలో 1927లో భారతీయ పద్ధతిలో కూర వండించగా, తోక్యో వాసులు దాన్ని ఆదరించి తమదిగా చేసుకున్నారు. మధ్యాహ్నం బస్సులో కొడుకు ఫోనులో చూసిన సోబా సంగతి ఇంకా గమనింపదగినది. వరి సరిగా పండని చలికొండల్లో, బీదనేలల్లో పండే ధాన్యంతో చేసే తిండి అది. నగానో ప్రాంతంవారు దాన్ని చూసి సిగ్గుపడలేదు. తమ ఊరిపేరు పెట్టి, తమ చేతినైపుణ్యం చేర్చి, వచ్చిన అతిథి ముందు గౌరవంగా ఉంచారు. అందుకే ఎక్కడెక్కడివారో వెళ్లి వరుసలో నిలబడుతున్నారు. ‘మన రాగిపిండి మాదిరుండాదే’ అన్న తండ్రి మాట నిరక్షరాస్యుని అమాయకత్వం కాదు. అందులో పోలికను పట్టుకొనే చూపు ఉంది.

ఏ తిండికీ పుట్టుకతో తక్కువతనం లేదు. తినేవాడు ఎక్కడ కూర్చుని, ఎవరి కళ్లతో చూస్తూ తింటున్నాడన్నదే దాని స్థానాన్ని నిర్ణయిస్తున్నది. నూడిల్సు తినడం తప్పు కాదు. దూరదేశపు రుచిని కోరడం యౌవనానికి సహజం. ఇంటి ముద్దను దాచుకొని పరాయి గిన్నెను అందుకోవడంలోనే లోపముంది. తన ఇంటి రుచిని నిండుగా ఎరిగినవాడే పరాయి రుచిని సాటివానిగా పలకరించగలడు. అట్లా ఎరుగనివాడు ఒసాకా వెళ్లినా, కుప్పం వచ్చినా, ఎక్కడా అతిథి కాలేడు.

మరునాడు రుసుము కట్టి, కొడుకును వసతిగృహంలో దింపి, తండ్రి తిరుగు బస్సు ఎక్కాడు. ఖాళీ క్యారియరు ఆయన ఒడిలో ఉంది. బస్సు కదిలేముందు కొడుకు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నిన్నటి విషయం ఎత్తి క్షమాపణ చెప్పాలనుకున్నాడు గాని మాట పెగల్లేదు.

“నాయనా, మళ్లా వచ్చేటప్పుడు సంగటి తీసుకొని రా” అన్నాడు. “నా గదిలో ఇంకా ముగ్గురుంటారంట. అమ్మను నాలుగు ముద్దలు ఎక్కువ చెయ్యమను.”

తండ్రి తలూపాడు. బస్సు మదనపల్లె వైపు సాగిపోయింది.